మెడ కింద ఎవరిదో చీర: ఒక జ్ఞాపకాల పుస్తకానికి కొలాజ్ బొమ్మలు వేసిన కేసు

ఇందులో ఊరి పేరు, ప్రచురణ సంస్థ పేరు చెప్పడం లేదు. కుటుంబం వివరాలు కొన్ని మార్చాను. బొమ్మల పని మాత్రం ఎలా జరిగిందో అలాగే రాశాను, నా తప్పులతో సహా. రచయిత్రి, వాళ్ల అమ్మగారు చదివి సరేనన్నాకే బయటపెడుతున్నాను.

నేపథ్యం

14 ఏళ్లుగా పుస్తకాలకు, పత్రికలకు బొమ్మలు వేస్తున్నాను. మొదట్లో అన్నీ గీత బొమ్మలే. తర్వాత్తర్వాత ఫోటో, కత్తిరించిన కాగితం, కంప్యూటర్ మీద గీసిన గీత, ఈ మూడూ కలిపి అతికించి చేసే కొలాజ్ పని ఎక్కువైంది. అడిగేవాళ్లు కూడా అదే అడుగుతున్నారు.

ఒక చిన్న ప్రచురణ సంస్థవాళ్లు ఫోన్ చేశారు. కోస్తాలో ఒక పొగాకు ఊరు. అక్కడ ముప్ఫై ఏళ్లు ఆకు గ్రేడింగ్ పనికి వెళ్లిన ఒకామె గురించి ఆమె మనవరాలు రాసిన పుస్తకం. 160 పేజీలు. అట్ట బొమ్మ, లోపల 14 బొమ్మలు కావాలి. లోపలి పేజీలకు రెండు రంగుల ముద్రణే: నలుపు, ఇంకొకటి.

రచయిత్రి ఒక కవర్లో ఫోటోలు పట్టుకొచ్చారు. మొత్తం నాలుగు.

మొదటిది 1962 ప్రాంతంలో స్టూడియోలో తీయించుకున్న నలుపు తెలుపు ఫోటో. భర్త కుర్చీలో, ఆమె పక్కన నిలబడి. వెనక తెర మీద మెట్లు, పూలకుండీ. రెండోది బ్యాంకు పాస్‌బుక్కు మీది పాస్‌పోర్టు ఫోటో. ఎడమ చెంప మీదుగా రబ్బరు ముద్ర. మూడోది 1987లో ఒక పెళ్లి గ్రూపు ఫోటో, రంగులది. 19 మంది ఉన్నారు, ఆమె ముఖం వేలిగోరంత. నాలుగోది గోడకు వేలాడే ఫోటో. ఆమె పోయాక, 2009లో, పాస్‌బుక్కు ఫోటోలోంచి తల తీసి, ముద్ర చెరిపి, ఎవరిదో పట్టుచీర కట్టిన ఒంటికి అతికించి, వెనక నీలి ఆకాశం పెట్టి టౌన్‌లో ఫోటో స్టూడియో అతను చేసిచ్చింది. ఇలాంటిది లేని ఇల్లు మన ఊళ్లలో తక్కువ. 1994లో ఫోటోషాప్ మూడో వెర్షన్‌తో లేయర్లు, అంటే బొమ్మ భాగాలను ఒకదాని మీద ఒకటి విడి పొరలుగా పెట్టుకునే వీలు, వచ్చాయి. మన స్టూడియోలవాళ్లు వాటిని పెళ్లి ఆల్బమ్‌లకు ఎంత వాడారో, పోయినవాళ్లకు కోట్లు, పట్టుచీరలు తొడగడానికీ అంత వాడారు.

ఆ నాలుగో ఫోటోను నేను చూసీ చూడనట్టు పక్కన పెట్టాను. ఈ కేసులో నా మొదటి పొరపాటు అది.

అసలు సమస్య

పుస్తకంలో ఉన్న సంఘటనల్లో ఒక్కదానికీ ఫోటో లేదు. బ్యారన్ (పచ్చాకును వేడితో ఎండబెట్టే కొట్టం) దగ్గర కర్రలకు పచ్చాకు కట్టడం, గోడౌన్‌లో నేల మీద బారుగా కూర్చుని ఆకు రంగు చూసి వేరు చేయడం, శనివారం కూలి చీటీ పట్టుకుని నిలబడటం, రాత్రి మంచం మీద మనవరాలికి ఒళ్లు నొప్పులు చెప్పుకోవడం. ఇవన్నీ కంటికి కనబడాలి. అందులో ఆమె ఆమెలాగే ఉండాలి. రచయిత్రి కోరిక ఒక్కటే: "కొన్నాళ్లకు అమ్మమ్మ ముఖం మర్చిపోతానేమోనని భయం అండీ. గీత బొమ్మ వద్దు. ఫోటోలోంచే రావాలి."

అంటే జరిగిన పనికి జరగని ఫోటో తయారు చేయమని. ఇంత స్పష్టంగా అప్పుడు అనుకోలేదు. అనుకుని ఉంటే కనీసం రెండు నెలలు మిగిలేవి.

మొదటి దారి: అతుకు కనబడకుండా

ఈ కళలో మొదటినుంచీ రెండు దారులున్నాయి. కళలో పాత పద్ధతులను ఎదిరించిన బెర్లిన్ దాదా బృందంలో హన్నా హోఖ్ 1919 నాటికే పత్రికల్లోంచి కత్తిరించిన తలలు, చక్రాలు, అక్షరాలు కలిపి అతికించింది. ఎక్కడ కోసిందో ఎక్కడ అంటించిందో దాచలేదు. అదే బృందంలోంచి వచ్చిన జాన్ హార్ట్‌ఫీల్డ్ 1930లలో జర్మన్ కార్మికుల సచిత్ర పత్రిక ఏఐజెడ్‌కు చేసిన హిట్లర్ వ్యతిరేక మాంటేజీల్లో (ఫోటో ముక్కలు కలిపి చేసిన బొమ్మల్లో) అతుకులు రీటచింగ్‌తో, అంటే పైన దిద్ది, కప్పేసి, మొత్తం ఒకే ఫోటోలా వచ్చేట్టు చేశాడు. అబద్ధంలా కనబడితే ఆ బొమ్మకు దెబ్బ తీసే శక్తి ఉండదు.

నేను రెండోదే ఎంచుకున్నాను. నా కారణం: ఇది కథ కాదు, జరిగిన జీవితం. చదివేవాళ్లు బొమ్మను నమ్మాలి. దానికితోడు చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ చెల్లెలి కొడుకు, కళాకారుడు వివాన్ సుందరం 2001, 2002లలో తన కుటుంబ ఫోటోలతో చేసిన 'రీ-టేక్ ఆఫ్ అమృత' నా మనసులో ఉంది. తాత ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ తీసిన ఫోటోలను కంప్యూటర్ మీద కలిపి, వేర్వేరు కాలాల మనుషులను ఒకే గదిలో నిలబెట్టాడాయన. అతుకు పట్టుకోవడం కష్టం. ఆయనకు వచ్చింది నాకెందుకు రాదు అనుకున్నాను.

బ్యారన్ దగ్గరికి వెళ్లి రెండు రోజులు ఫోటోలు తీశాను. అక్కడే పనిచేసే ఒకావిడను, ఆమె ఇష్టపడ్డాక, డబ్బిచ్చి కూర్చోబెట్టి తీశాను. ఆ ఒంటికి 1962 ఫోటోలోని ముఖం పెట్టాలని ప్లాన్.

ముందు స్కాన్ తలనొప్పి. పాత నలుపు తెలుపు ప్రింట్లలో వెండి పైకి తేలి, చీకటి భాగాలు అద్దంలా మెరుస్తాయి. స్కానర్ దీపం దాని మీద పడితే తెల్లటి పొర వస్తుంది. అందుకని స్కానర్ మానేసి, రెండు పక్కలా 45 డిగ్రీల్లో లైట్లు పెట్టి, మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ పెట్టి కెమెరాతో తీశాను. 1987 ప్రింటుది ఇంకో గొడవ. ఆ రోజుల్లో వచ్చిన 'సిల్క్ ఫినిష్' పేపర్ మీద తేనెపట్టులాంటి గరుకు ఉంటుంది, స్కాన్‌లో ప్రతి గుంటా చుక్కై కూర్చుంటుంది. ఒకసారి మామూలుగా, ఒకసారి ప్రింటును తలకిందులుగా తిప్పి స్కాన్ చేసి, రెండోదాన్ని మళ్లీ తిప్పి మొదటిదాని మీద పెట్టి కలిపితే చాలావరకు పోతుంది. నీడలు ఎదురుబొదురై ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఈ చిట్కా తెలియక గంటలకొద్దీ చుక్కలు చెరిపేవాళ్లను చూశాను, అందుకే రాస్తున్నాను.

అసలు చిక్కు వెలుగుతో వచ్చింది. స్టూడియోలో లైటు ఆమె ముఖానికి ఎడమనుంచి పడింది. బ్యారన్ ఫోటోలో వెలుగు తలుపులోంచి, కుడినుంచి. ముఖాన్ని అద్దంలోలా తిప్పేశాను. వెలుగు కుదిరింది. పాత ఫోటోల్లో ఉండే సన్నటి గింజలాంటి గరుకు (గ్రెయిన్) కలిపాను, మెడ దగ్గర నీడ గీశాను. నాకు బ్రహ్మాండంగా కనబడింది. ప్రచురణకర్తకూ నచ్చింది.

రచయిత్రి వాళ్ల అమ్మగారికి చూపించారు. డెబ్బై దగ్గర పడుతున్న మనిషి. ఫోన్ దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూసి, నాతో అన్న మాట: "ఈమె మాయమ్మ కాదు బాబూ. ముక్కుపుడక ఎడంపక్కకెట్టా పోయింది?"

ముక్కుపుడక ఒక్కటే అయితే సరిచేసేవాణ్ని. ఆమె అక్కడితో ఆగలేదు. "మాయమ్మ ఇట్టా కూర్చోదు. కుడికాలు మడవలేదు ఆమె, పడినాక. ఎవుర్నో తెచ్చి మాయమ్మ మొకం పెట్టారు."

రెండు ప్రయత్నాలు, రెండూ పోయాయి

అప్పుడూ నేను పద్ధతిని అనుమానించలేదు, ముడిసరుకును అనుమానించాను. 1962 ముఖం మరీ చిన్న వయసుది, అందుకే కుదరలేదు అనుకున్నాను. 1987 పెళ్లి ఫోటోలో వయసు సరిగ్గా ఉంది. కానీ అందులో ముఖం ఎత్తు 6 మిల్లీమీటర్లు. 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు) స్కాన్ చేసినా నిలువున 280 పిక్సెళ్లు. ముద్రణకు 300 డీపీఐ లెక్కన అంగుళం కూడా రాదు.

ఏఐ టూల్‌తో పెంచాను. కనురెప్పలు, పెదాల గీతలు, నవ్వులో చక్కటి పలువరుస, అన్నీ వచ్చాయి. అమ్మగారు దాన్ని చూసి నవ్వారు. 1987 నాటికి ఆమెకు ముందు పన్ను లేదట. అది ఊడటం గురించి పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది, నేను చదివాను కూడా. ఆ టూల్ ఫోటోలో దాగినదాన్ని బయటికి తీయదు. తాను చూసిన లక్షల ముఖాలను బట్టి అక్కడ ఏముండొచ్చో ఊహించి నింపుతుంది. అందరికీ పళ్లుంటాయి కాబట్టి ఈమెకూ పెట్టింది. తెలియని మనిషి ముఖమైతే ఆ తేడా నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఈ మాట అనుకున్నప్పుడు గతంలో చేసిన రెండు మూడు పనులు గుర్తొచ్చి కొంచెం టెన్షన్ పడ్డాను.

తర్వాత రెండో కొసకు పోయాను. ఫోటోలు పక్కన పెట్టి, వాటిని చూస్తూ మొత్తం డిజిటల్ పెయింటింగ్‌గా వేశాను, మూడు బొమ్మలు. చేయి తిరిగిన పనే, రంగులు బాగా కుదిరాయి. ప్రచురణకర్త అట్టకు ఇదే ఖాయం అన్నారు. రచయిత్రి చాలాసేపు చూసి, "దేవుడి క్యాలెండర్‌లా ఉందండీ" అన్నారు. నిజమే. చేతులు నున్నగా వచ్చాయి. ముప్ఫై ఏళ్లు పొగాకు ముట్టుకున్న చేతులకు అంటుకునే నల్లటి జిగురు గురించి ఆమె రెండు పేజీలు రాసింది. నా బొమ్మలో చేతులు చూస్తే ఆ రెండు పేజీలూ అబద్ధం అనిపిస్తాయి.

అప్పటికి మూడు నెలలు. అడ్వాన్సు అయిపోయింది. వదిలేద్దామా అని ఆలోచించిన మాట వాస్తవం.

గోడ మీద ఫోటో

మాట్లాడి తేల్చుకుందామని వాళ్లింటికి వెళ్లాను. హాల్లో ఆ నాలుగో ఫోటో, ప్లాస్టిక్ దండతో. అమ్మగారు రోజూ దానికి దణ్ణం పెట్టుకుంటారు. నాకు కొంచెం ఉక్రోషం వచ్చింది. అడిగేశాను: "అమ్మా, ఇది కూడా అతికించిందే కదా. దీన్ని ఎలా ఒప్పుకున్నారు?"

ఆమె దానికేసి చూడనైనా చూడకుండా చెప్పారు: "మెడ కిందంతా ఎవురిదో చీర. అది అందరికీ తెలిసిందేగా. మొకం మాత్రం మాయమ్మదే."

ఆ రోజు తిరిగొస్తూ బస్సులో ఇదే ఆలోచన. స్టూడియో అతని పని నాణ్యత నా పనిలో పదో వంతు ఉండదు. మెడ దగ్గర కత్తెర గీత బాహాటంగా కనబడుతుంది. అయినా ఆమె దృష్టిలో అతను అబద్ధం ఆడలేదు, నేను ఆడాను. అతని బొమ్మలో ఏది నిజం, ఏది ముచ్చటకు పెట్టింది అన్నది చూడగానే తెలుస్తుంది. నా బొమ్మలో ఆ గీత చెరిపేశాను కాబట్టి, ఒక్క ముక్కుపుడక తప్పగానే ముఖం కూడా దొంగదైపోయింది.

ఇది కొత్తదేమీ కాదు. రాజస్థాన్‌లో నాథ్‌ద్వారా చిత్రకారులు, కృష్ణుడి రూపమైన శ్రీనాథ్‌జీ ముందు భక్తుల కుటుంబం చేతులు జోడించి నిలబడ్డట్టు వేసే మనోరథ చిత్రాల్లో, వందేళ్ల కిందటే ముఖాలను ఫోటోల్లోంచి కత్తిరించి అతికించి, ఒళ్లు, బట్టలు రంగులతో వేసేవారు. ముఖం కెమెరాది, మిగతాది భక్తిది. చూసేవారికి ఆ తేడా ఇబ్బంది కాలేదు.

మరి వివాన్ సుందరానిది ఎలా నిలబడింది? మళ్లీ ఆ బొమ్మలు తీసి చూశాను. ఆయన ఫోటోలన్నీ దాదాపు ఒకే మనిషి తీసినవి, ఒకే కుటుంబానివి. వెలుగు, గ్రెయిన్ ఒకదానికొకటి చుట్టాలు. పైగా కొన్నిటిలో ఒకే ఫ్రేములో ఒకే మనిషి రెండు వయసుల్లో కనబడుతుంది. అతుకు కంటికి కనబడకపోయినా, ఇది జరిగేది కాదని బుర్రకు వెంటనే తెలుస్తుంది. నా బ్యారన్ బొమ్మలో ఆ హెచ్చరిక కూడా లేదు. అచ్చం జరిగినట్టే ఉంది. చిక్కంతా అక్కడే.

పనిచేసిన పద్ధతి

మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాను. ముఖం ఉన్న ఫోటోను ముఖం లోపల కోయకూడదు, తిప్పకూడదు, పెంచి నింపకూడదు. లేని ఒంటిని ఫోటోతో నింపకూడదు. గీత గాని, గుడ్డ గాని, కాగితం గాని కావాలి. కత్తెర పని కత్తెరతోనే చేయాలి.

మూడోది చాదస్తంలా అనిపిస్తుంది. కంప్యూటర్‌లో కోసిన అంచుకు మందం ఉండదు. కాగితం కోస్తే అంచున తెల్లటి పీచు కనబడుతుంది, కింద సన్నటి నీడ పడుతుంది. అంచుకు డిజిటల్ నీడ పెట్టొచ్చు, కానీ అన్ని ముక్కలకూ ఒకే మందం నీడ వస్తుంది, కన్ను దాన్ని పసిగడుతుంది. కాబట్టి ఫోటోలకు మ్యాట్ కాగితం మీద ప్రింట్లు తీసి, చేత్తో కోసి, పరిచి, ఎడమ పైనుంచి ఒక్క లైటు పెట్టి మళ్లీ ఫోటో తీశాను. అసలు ఫోటోలు ముట్టుకోలేదు. 14 బొమ్మలకూ అదే లైటు, అదే ఎత్తు. వేర్వేరు కాలాల సరుకును కలిపి ఉంచింది ఆ నీడే. కంప్యూటర్ మీద ఆ తర్వాతే కూర్చున్నాను: గీతలు గీయడానికి, రెండు రంగులుగా విడగొట్టడానికి.

సరుకు వెతకడం అన్నిటికన్నా ఆనందం ఇచ్చింది. ఎండిన పొగాకు ఆకును నేరుగా స్కానర్ మీద పరిచాను. ఈనెలు ఊరి మ్యాపులా వచ్చాయి. స్కానర్ వారం రోజులు కంపు కొట్టింది. కూలి చీటీలు రెండు దొరికాయి. ఇంట్లో ఆమె పాత చీరలతో కుట్టిన బొంత ఉంది. స్కానర్‌లో పట్టదు కాబట్టి వసారాలో నేల మీద పరిచి, సాయంత్రం ఏటవాలు వెలుగులో తీశాను. నడినెత్తిన లైటు పెడితే గుడ్డ రంగే కనబడుతుంది, కుట్లు కనబడవు.

అట్ట బొమ్మ ఇలా తేలింది. పాస్‌బుక్కు ఫోటో చదరంగా, మొత్తంగా, చెంప మీది ముద్రతో సహా. దాని కిందినుంచి బొంత గుడ్డతో కోసిన ఒళ్లు, పిల్లలు చేసే కాగితం బొమ్మలా. ఒంటి ఆకారం 1962 ఫోటోలో ఆమె నిలబడిన తీరునుంచి ట్రేస్ చేశాను, కాబట్టి నిలబడటం ఆమెదే. గోడ ఫోటోలోని పట్టుచీర ఒంటిని వాడదామా అని ఒకపూట ఊగాను. వాడలేదు. ఆ ఒళ్లు ఎవరిదో, ఆమెను అడిగిందెవరో తెలియదు.

హక్కుల సంగతి కూడా ఇక్కడే. స్టూడియో ఫోటోల విషయంలో ప్రచురణకర్త భయపడ్డారు. కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం ఏమీ లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవారే ఆ ఫోటోకు మొదటి హక్కుదారులు. 1962ది ఆ దంపతులు డబ్బిచ్చి తీయించుకున్నదే. పెళ్లి ఫోటో మాత్రం పెళ్లివారిది కాబట్టి వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాం. అందులో ఉన్న 19 మందిలో ఒకాయన తన ముఖం వద్దన్నారు. ఆయన ఉన్నచోట ఆకారం మేర కత్తిరించి, ఆ ఖాళీ అలాగే వదిలేశాను. దాన్ని పూడ్చడానికి చేయి లాగింది, పూడ్చలేదు.

నా కట్టుబాటును ఒకచోట నేనే తప్పాను. రబ్బరు ముద్రలో బ్యాంకు బ్రాంచి పేరు సగం చదవడానికి వస్తోంది. ఆ అక్షరాలు చెరిపి, వాటి స్థానంలో మరకలు గీశాను. అక్కడ అతుకు కనబడదు. ఇది రచయిత్రికి చెప్పే చేశాను.

ప్రచురణకర్తను ఒప్పించడం తేలిక కాలేదు. "అట్ట మీద ముద్ర కొట్టిన ముఖం చూసి ఎవరు కొంటారండీ" అన్నారు. ఆయన బాధ న్యాయమైనదే, డబ్బు పెట్టేది ఆయన. క్యాలెండర్ పెయింటింగ్‌తో ఒకటి, దీనితో ఒకటి, రెండు డమ్మీ అట్టలు ప్రింట్ తీయించి అమ్మగారి ముందు పెట్టాం. ఆమె పెయింటింగును పక్కకు జరిపి, రెండోదాని మీద చేయి వేసి, ముద్ర ఉన్నచోట వేలితో తుడవబోయారు, మరకనుకుని. ప్రచురణకర్త ఇంకేం అనలేదు.

ప్రెస్ దగ్గర

ఇక్కడ ఇంకో దెబ్బ తగిలింది. లోపలి పేజీలు మ్యాప్‌లితో కాగితం. పూత లేని కాగితం సిరాను పీల్చుకుంటుంది, చుక్క ఉబ్బుతుంది, బొమ్మ స్క్రీన్ మీద కన్నా ముదురుగా పడుతుంది. ఈ లెక్క తెలిసినవాణ్నే. అయినా మొదటి ప్రూఫులో గోడౌన్ బొమ్మ బొగ్గుముద్దలా వచ్చింది. బొంత కుట్లన్నీ పూడుకుపోయాయి. మధ్య ఛాయలు బాగా తేల్చి, నల్లటి భాగాలను పూర్తి నలుపు దాకా పోనీయకుండా ఆపి, ముద్రణ చుక్కల వరసలను అంగుళానికి 133 లైన్లకు పెట్టించాను. రెండో రంగుగా ముందు ఎరుపు అనుకున్నాం. కాగితం పసుపు ఛాయ మీద అది నెత్తుటి మరకలా ఉంది. ఎండిన ఆకు రంగుకు దగ్గరగా ఒక గోధుమ రంగు ప్రెస్‌లోనే కలిపించాం. కలిపిన పెద్దాయన సిరా కాస్త వేలితో కాగితం మీద రుద్ది, ఆరనిచ్చి చూపించేవాడు. ఏ మానిటరూ ఆయన వేలితో పోటీ పడలేదు.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఇలాంటి పని వస్తే, మొదటి రోజే ఇంట్లో గోడ మీద ఏముందో చూస్తాను. ఆ కుటుంబం ఏ అతుకును ఒప్పుకుంటుంది, దేన్ని ఒప్పుకోదు అన్నది అక్కడే తెలుస్తుంది.

మొదటి డ్రాఫ్టును ప్రచురణకర్త కన్నా ముందు, ఆ మనిషిని ఎరిగినవాళ్లకు చూపిస్తాను. ఫోన్‌లో కాదు, కాగితం మీద. నచ్చిందా అని అడగను. "ఇందులో ఏది తప్పు?" అని అడుగుతాను. నచ్చిందా అంటే మర్యాదకు అవునంటారు.

ఏఐతో పెంచడం పూర్తిగా మానేశానా అంటే, లేదు. గోడ గరుకు, ఆకాశం, గుడ్డ నేత లాంటివాటికి వాడతాను. పోయినవాళ్ల ముఖం మీద వాడను.

అతుకు కనబడాల్సిందే అని ఎవరికీ చెప్పను. వ్యంగ్య చిత్రానికి, సైన్స్ ఫిక్షన్ అట్టకు నేను ఇప్పటికీ హార్ట్‌ఫీల్డ్ దారే పడతాను. అక్కడ చూసేవారికి ఇది కల్పన అని ముందే తెలుసు. తెలియని చోట మాత్రం ఆగి ఆలోచిస్తున్నాను.

ఒప్పందంలో కూడా ఒక మార్పు చేశాను. ఈ పనికి ఏడు నెలలు పట్టింది, నాలుగు నెలల డబ్బులే వచ్చాయి. అది ప్రచురణకర్త తప్పు కాదు. ముడిసరుకు సేకరణ, ఫోటోలు తీయడం, బొమ్మ వేయడం మూడింటికీ ఇప్పుడు విడివిడిగా రేటు రాస్తున్నాను.

పుస్తకం వచ్చిన నెలకు అమ్మగారు ఫోన్ చేశారు. బొమ్మలన్నీ రెండు మూడుసార్లు చూశారట. "బాబూ, అట్ట మీద భుజం కాడ పచ్చ గళ్ల ముక్క ఉందే, అది మాయమ్మ చీర కాదు. మా పెద్దమ్మది. బొంతలో కలిపి కుట్టారు." రెండో ముద్రణకు మార్చమంటారా అని అడిగాను. ఆలోచించి చెబుతానన్నారు, ఇంకా చెప్పలేదు. నా ఫైల్లో ఆ లేయర్ పేరు 'అమ్మమ్మ చీర 3' అని ఉండేది. అది మాత్రం ఆ రోజే మార్చాను.